పచ్చిక దాటిన తోటమాలి

ఇరవై ఆరేళ్లుగా ఆంగ్లికన్ చర్చివాళ్లు నడిపే ఆ మగపిల్లల స్కూల్లో చర్చి ముందున్న పచ్చికను కంటికి రెప్పలా పెంచింది తోటమాలి తాతే. దాని మీదుగా నడిచే హక్కు మాత్రం టీచర్లదీ, విద్యార్థి లీడర్లదీ. గడ్డి కోసేటప్పుడు తాత ఎంత తొక్కినా ఎవరూ ఏమీ అనరు. పనయ్యాక ప్రార్థనకు వెళ్లాలంటే మాత్రం నొప్పి మోకాలితో చుట్టూ తిరిగి పోవాల్సిందే. "రూలు రూలే కదా బాబూ" అని నవ్వేసేవాడు. ఏడాది చివరి ప్రార్థన రోజున పెద్ద లీడరు తనకు నచ్చిన ఒక అతిథిని చేయి పట్టుకుని పచ్చిక దాటించడం అక్కడి ఆనవాయితీ. ఏటా ఆ గౌరవం బిషప్‌గారిదే. ఈసారి లీడరు ఆయన్ను దాటుకుని, నీళ్ల పైపు చుడుతున్న తాత దగ్గరకు వెళ్లాడు.

"రా తాతా."

"వద్దయ్యా, ఇప్పుడే తడిపాను. గుంటలు పడతాయి!"

"పడనీ, రేపు నేనొచ్చి పూడుస్తా."

"నువ్వా? పార ఎటు పట్టుకోవాలో తెలుసా నీకు?" అంటూనే తాత బూట్లు విప్పేశాడు. తాను పెంచిన గడ్డి అరికాళ్లకు చల్లగా తగులుతుంటే, తలెత్తుకుని నడిచాడు. మూడొందల మంది కుర్రాళ్ల చప్పట్లలో చర్చి గంట కూడా వినబడలేదు. బిషప్‌గారు నవ్వుతూ చుట్టూ తిరిగి వచ్చారు. ఆ వారంలోనే ఆ రూలు ఎత్తేశారు.

మీ బడిలో, మీ ఆఫీసులో కూడా పనివాళ్లు ఎక్కకూడని మెట్లూ, కూర్చోకూడని కుర్చీలూ ఉండే ఉంటాయి. రేపే వెళ్లి, వాళ్లను చేయి పట్టుకుని తీసుకురండి.