ఐదున్నరకు ముందు వచ్చినవాళ్లు

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కండక్టరు నన్ను చూసి కేకేశాడు. "ఏమప్పా, మీ టైంకీపర్ మామ పోయినాడంట కదా! నిన్న సాయంత్రమే మట్టి చేసినారు. నీకు తెలీదా?"

తెలీదు. మిల్లులో ఒక్కరూ చెప్పలేదు. పిడికెడు మట్టి వేసే వీలు కూడా లేకపోయింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు బంధువు కాడు. మా స్పిన్నింగ్ మిల్లు గేటు దగ్గర హాజరు రాసేవాడు కాబట్టి అందరికీ మామే. మొహం చూడనిదే రిజిస్టరులో గీత పెట్టేవాడు కాదు. "తలెత్తు అమ్మీ, మొగం చూపీ" అనేవాడు. జ్వరంతో వచ్చినవాళ్లను అక్కడే పట్టుకుని వెనక్కి బస్సెక్కించేవాడు. తొమ్మిదితో చదువు మానేసి, నాలుగు పనులు పట్టి నాలుగూ వదిలేసి, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్చుకుని నేను మిల్లులో చేరినప్పుడు, తన టిఫిన్‌లో సగం నాకు పెట్టాడు. "ఏం అల్లుడా, యాడా నిలవవంట కదా? ఈడన్నా నిలుస్తావా?"

నిలిచాను. నిలవడం కోసమే ఆయనకు అన్యాయం చేశాను.

గేటుకు కార్డులు దూర్చే యంత్రం వచ్చింది. చెప్పులు విప్పి వెళ్లే చల్లటి గదిలో దాని కంప్యూటర్. ఆ యంత్రానికి ఆదివారం, సోమవారం అని తెలియవు. పందొమ్మిది వందల డెబ్బై జనవరి ఒకటి నుంచి గడిచిన సెకన్లను ఒక పెద్ద అంకెగా దాస్తుంది, అంతే. ఆ అంకెను రోజుకున్న సెకన్లతో భాగిస్తే ఎన్ని రోజులు గడిచాయో వస్తుంది. ఆ మొదటి రోజు గురువారం కాబట్టి నాలుగు కలిపి ఏడుతో భాగిస్తే, మిగిలిన అంకే అది ఏ వారమో చెబుతుంది. సున్నా అయితే ఆదివారం. ఈ నాలుగు లైన్లు నేనే రాశాను. ఎవరు ఏ రోజు వచ్చారో ప్రతి వారం ఒక కాగితం అచ్చయ్యేది.

ఆళ్లగడ్డ నుంచి వచ్చే చర్చి కుటుంబాల వాళ్లకు ఆదివారం సెలవు. నా కాగితంలో మాత్రం వాళ్లు ఆదివారం వచ్చినట్టు, శనివారం ఎగ్గొట్టినట్టు పడింది. మామదీ ఆ ఊరే, ఆ చర్చే. ఆయన రిజిస్టరు దానికి సరిగ్గా ఎదురు చెప్పింది.

మేనేజరు ఆదివారం మిల్లుకు రాడు. ఆయనకు కాగితమే సాక్ష్యం. "నంద్యాలోళ్లకంతా సరిగ్గా వస్తాంది. మీ ఊరోళ్లకే తప్పొస్తాందా? మీ చర్చోళ్లని కాపాడుకుంటాండావ్!" అన్నాడు మామతో.

"నేను మొగాలు చూసి రాసినా సార్" అన్నాడు మామ.

ఇద్దరూ నా వైపు చూశారు. "లెక్క తప్పదు సార్" అన్నాను నేను. ఎంత పొగరు!

ఆదివారం పనికి రాగలిగేవాళ్లకు ఆ సెలవెందుకని, ఆ వారమే ఆళ్లగడ్డ వాళ్ల ఆదివారాలు రద్దయ్యాయి. మామను దూది గోదాముకు మార్చారు. సండే స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పే అక్క ఒకామె నన్ను గేటు దగ్గర నిలబెట్టింది. "ఏందప్పా, నేను చర్చిలో ఉంటే నీ డబ్బాకి ఈడెట్ల కనపడినా?" విసుక్కుని వెళ్లిపోయాను.

నెల తర్వాత మామే నా గదికి వచ్చాడు. "అల్లుడా, బుధవారం మా బస్సు శిరివెళ్ల కాడ పంచరై లేటుగా వచ్చింది. ఆ దినం దూర్చిన కార్డులొక్కటే నీ కాగితంలో సరైన దినం కింద పడినాయి. ఏందీ కథ?"

ఈసారి పెద్ద అంకెలు బయటికి తీసి కూర్చున్నాను. ఆళ్లగడ్డ మొదటి బస్సు ఐదుంబావుకే మిల్లు దగ్గర దించుతుంది. నంద్యాల వాళ్లు సైకిళ్ల మీద ఆరుకు కాస్త ముందు వస్తారు. ఐదున్నరకు ముందు దూర్చిన ప్రతి కార్డూ ముందురోజు కింద పడింది. యంత్రం లెక్కపెట్టేది లండన్ అర్ధరాత్రి నుంచి. అక్కడ రోజు మారేసరికి మనకు తెల్లవారుజాము ఐదున్నర. ఆ ఐదున్నర గంటల సెకన్లు కలపడం నేను మరిచిపోయాను. కలపడానికి అరనిమిషం పట్టింది.

"నీ లెక్క మంచిదే రా. అది యాడ మొదలైతాందో చూసుకోకపోతివి" అన్నాడు మామ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మేనేజరుకు చెప్పాను. ఆదివారాలు తిరిగి ఇచ్చాడు. "మరి మామ సంగతి సార్?" అంటే, "ఇప్పుడు సరిగ్గా వస్తాంది కదా, పాత కథెందుకు? ముసలాయనకి గోదాములో నీడ పట్టునుంది" అన్నాడు. నేను నా గదికి తిరిగొచ్చేశాను. ఉద్యోగం పోతుందని భయం.

"ఆదివారాలు వచ్చినాయి కదా, చాల్లే" అన్నాడు మామ. నాకు చాల్లేదు. ఆయన రిజిస్టరులో ఒక్క గీత తప్పు లేదు. తప్పు నాది. ఈ మాట మిల్లు నోటీసు బోర్డు మీద ఉండాలి. లేదు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

ఆయన ఉండగా ఒకరోజు పొద్దున్నే పనిమీద గోదాముకు వెళ్లాను. గేటు వైపు కిటికీ దగ్గర, దూది బేళ్ల మధ్య, ఆయన నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద, మీసాల మీద దూది. బయట బస్సు దిగి ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. ఆయన కళ్లు చిట్లించి ఒక్కో మొహమూ చూస్తూ, పెదాలతో ఒక్కో పేరూ పలుకుతున్నాడు. ప్రతి పేరుకూ మీసం మీది దూదిపోగు ఒకటి చిన్నగా కదులుతోంది.