ముసలమ్మల పక్కన చోటు

నవ్వితే చాలు, బురుల్చాకు మూత్రం జారిపోయేది. అయిదు కాన్పుల ఫలం అది. కిర్గిజ్‌స్తాన్ కొండల్లోని మా నరీన్‌లో ఆడవాళ్లు వరుసగా మోకాళ్ల మీద కూర్చుని, వేడినీళ్లు పోసిన ఉన్నిని ముంజేతులతో దొర్లించి తివాచీలు చేస్తారు. ఆ వరుసలో తోడికోడలు జీదే ఊరుకునేది కాదు.

"అక్కా, నువ్వు మాత్రం నవ్వకు. ఉన్నికి మేం పోసిన నీళ్లు చాలు."

ఆ వరుసలో తలెత్తుకుని కూర్చోవాలనే బురుల్చా రాజధాని బిష్కెక్ వెళ్లి ఆపరేషన్ చేయించుకుంది. మూత్రనాళం కింద వలలాంటి పట్టీ వేశారు. జారడం ఆగిపోయింది. ఆరు నెలలకు ఆ పట్టీ లోపలి కండను కోసుకుని పైకి తేలింది. మోకాళ్ల మీద వంగితే గాజుపెంకు గుచ్చుకున్నట్టు ఉండేది. పక్కలో ఒకసారి భర్త ఎర్మెక్‌కు అది గీరుకుపోయింది.

"ముళ్లకంచె వేసి పంపారేమే నిన్ను!" అని అతను వేరే పక్క వేసుకున్నాడు.

డాక్టరు ఒకటే అడిగాడు. "ఇప్పుడు కారుతోందా?"

"లేదండీ, కానీ నొప్పి..."

"కారట్లేదుగా! ఆపరేషన్ సక్సెస్సేనమ్మా. పట్టీ కండకు అతుక్కుపోయింది, ఇక తీయలేం."

ఈ వేసవిలో ఆమె పనికి వెళ్లేసరికి వరుసలో తన చోట జీదే కూతురు కూర్చుని ఉంది. జీదే బురుల్చా చేయి పట్టుకుని గుడారంలోకి తీసుకెళ్లింది. ద్వారానికి ఎదురుగా, ముసలమ్మలు కూర్చునే గౌరవస్థానంలో కూర్చోబెట్టింది.

"పెద్దదానివి అక్కా నువ్వు. టీ తాగుతూ మమ్మల్ని చూస్తూ ఉండు."

బురుల్చాకు నలభై నాలుగేళ్లు. పక్కనున్న డెబ్బై ఏళ్లావిడ జరిగి చోటిచ్చింది. బయట జీదే ఏదో అంది, వరుసంతా గొల్లున నవ్వింది. బురుల్చా కూడా నవ్వింది. చుక్క కూడా కారలేదు.