కుళాయి మూయక్కర్లేదన్నాను

జూన్, బడులు తెరిచిన వారం, గురువారం. హయత్‌నగర్ దాటాక ఒక సర్కారు బడి. హాజరైనవారు: మా కంపెనీ డైరెక్టరు, హెడ్మాస్టరు, ఆయా యాదమ్మ, పిల్లలు, నేను.

ఆనాటి నా డైరీలో ఇంతే ఉంది. రోజూ పేజీ నిండా రాసే మనిషిని. ఆ రోజు చెయ్యి ఆగిపోయింది. రాయనిదాన్ని ఇన్నేళ్లూ లోపలే మోశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను, భయపడుతూనే.

ఎల్బీనగర్‌లోని మా కంపెనీలో సామాజిక బాధ్యత విభాగం నేను చూసేవాణ్ణి. ఆ ఏడాది రెండు బడులకు నీళ్లు శుద్ధి చేసే యంత్రాలు ఇస్తామని మాకు మేముగా ప్రకటించాం. వచ్చింది ఒక్కటి. వార్షిక నివేదికలోకి మాత్రం రెండు బడుల ఫొటోలూ కావాలి. ఇవాళ ఇక్కడ రిబ్బను కత్తిరించి, రేపు అదే యంత్రాన్ని రెండో బడిలో పెట్టమన్నారు డైరెక్టరు. "ఎవరడుగుతారండీ? ఇష్టపడి ఇస్తున్నాం, బాకీ ఏమన్నా ఉన్నామా?" అన్నారు. నిజమే, అడిగేవాళ్లు లేరు. ఇచ్చింది మేమే. తనిఖీ చేసింది మేమే. బాగా పనిచేస్తోందని సంతకం పెట్టింది నేను.

పొద్దున సభలో ఆయన మైకు పట్టుకుని, రేపట్నుంచి ఇంటి నుంచి నీళ్ల సీసాలు మోసుకురావద్దని పిల్లలకు చెప్పారు. చప్పట్లు. సాయంత్రం బడి వదిలాక యంత్రాన్ని ఊడదీయించి ట్రాలీ ఆటో ఎక్కించాను. కుళాయి ఎండిపోతే మాట వస్తుందని పైపును నేరుగా బోరుకు కలిపించాను. ఆ బోరు పక్కనే మురుగు పారుతుందని నాకు తెలుసు.

యాదమ్మ చీపురుతో వచ్చి నిలబడింది.

"గిదేంది సారూ, పొద్దుగాల పెట్టిన్రు, పొద్దూకంగనే తీస్కపోతున్రు? పెండ్లికి కిరాయి సామాన్ తెచ్చినట్టే ఉన్నది!"

"సర్వీసింగుకమ్మా. నాలుగు రోజుల్లో తెచ్చేస్తాం."

"మరి గప్పటిదాంక నల్లా బంద్ చెయ్యాల్నా?"

చెయ్యాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. కానీ కుళాయి మూస్తే ఎందుకు మూశారని ఎవరో ఒకరు అడుగుతారు, దాని పైనే మా కంపెనీ పేరుతో బోర్డు ఉంది.

"అక్కర్లేదు, వాడుకోండి" అన్నాను.

రెండో యంత్రం రానే లేదు. మరుసటి ఏడు కంపెనీ మొక్కలు నాటే పనిలో పడింది. వానలు మొదలయ్యాక ఆ బడి పిల్లలు కొందరు వాంతులు, విరేచనాలతో దవాఖానలో చేరారని విన్నాను. ఆ నీళ్ల వల్లేనా? అందరూ తిరిగి ఇంటికొచ్చారా? ఒక్క ఫోను చేస్తే తెలిసేది. ఏం వినాల్సి వస్తుందోనని అప్పుడు చేయలేదు, రిటైరయ్యాక కూడా చేయలేదు. దిల్‌సుఖ్‌నగర్ బజారులో యాదమ్మలాంటి మనిషి వెనక నుంచి కనబడినా ఖాళీ సంచితో ఇంటికి వచ్చేస్తాను. నన్నెవరూ వెతకడం లేదు. అయినా ఎందుకింత వణుకు?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది ఆ పిల్లలు తేల్చాల్సిన విషయం. ఒక మనిషికి చెప్పాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. ఇక మర్నాటి పొద్దు సంగతి మిగిలింది.

గోడకు బిగించిన స్టాండు మరిచిపోయామని మళ్లీ వెళ్లాను. పిల్లలు సీసాలు లేకుండా వచ్చారు. కుళాయి దగ్గర వరస కట్టి, దోసిళ్లు పట్టి తాగుతున్నారు. యాదమ్మ నన్ను చూసి, గ్లాసు తోమి, నీళ్లు పట్టుకొచ్చింది.

"ఎండల పడి ఒచ్చిన్రు, తాగుండ్రి సారూ. మీరిచ్చిన నీళ్లే."

అందుకున్నాను. ఆమె అటు తిరిగేదాకా ఆగి, గోడవార పారబోశాను. ఖాళీ గ్లాసు తిరిగిస్తూ, చల్లగా ఉన్నాయన్నాను.