అత్తయ్య తలుపు తీసిన కెమెరా

ఫోటోలో ఏం పడిందో స్టూడియోవాళ్ళు కడిగి ఇచ్చేదాకా తీసినవాళ్ళకు కూడా తెలియని రోజులవి. నాకేమో చెప్పకుండా ఫోటోలు తీయడం పిచ్చి. 'రెడీ' అన్నానంటే చాలు, మా ఇంట్లోవాళ్ళంతా ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మలైపోయేవారు. అందుకని ఆవలిస్తుంటేనో, అన్నం కలుపుకుంటుంటేనో పక్కనుంచి టక్కున నొక్కేసేదాన్ని. కొత్త కోడలికి ఇలాంటి అలవాటుంటే అత్తగారు ఊరుకుంటారా? పుట్టింటివాళ్ళు నాకిచ్చిన ఆ కెమెరా మీద మా అత్తయ్యకు మొదటినుంచీ అనుమానమే. "నేను తింతన్నప్పుడే ఎందుకు తీత్తావే? మీ అమ్మకి సూపించి నవ్వుకోడానికేటి?" అనేవారు. (అమ్మ నవ్వేది కాదని ఒట్టేసి చెప్పలేను.)

ఆ చలికాలం అందరం అరకు వెళ్ళాం. రైలు సొరంగంలో దూరినప్పుడల్లా, చీకట్లో కూడా తీసేస్తానేమోనని అత్తయ్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బొర్రా గుహల్లో నన్ను ముందు నడవమని, తాను వెనకే వచ్చారు. మర్నాడు సంతలో, పసుపు కొమ్ములు రాశిపోసి కూర్చున్న ఒక కొండావిడ కనిపించింది. పొద్దుటెండ ఆవిడ చెంపమీద పడుతోంది. నొక్కేశాను. ఆవిడ తక్కెడ కింద పెట్టి లేచింది.

"ఏటి తీసినావు?"

"ఊరికే ఫోటో, అమ్మా."

"ఊరికే ఎవులు తీత్తారు? అప్పుడొకాయన ఇలాగే తీసుకెళ్ళాడు. ఎనకాలే గొలుసులట్టుకొచ్చి మా కొండ కొలిసినారు. తీసింది సూపించు."

"ఇప్పుడు కనబడదమ్మా, కడగాలి."

"నీళ్ళకేటి, గెడ్డ అల్లదిగో పారతంది. బేగి కడుక్కురా."

చుట్టూ జనం మూగారు. కాపాడతారని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ వెళ్ళి కొండావిడ పక్కన నిలబడ్డారు. "నాకూ సూపించదమ్మా ఈ గుంట!" అంటూ నా చేతిలోంచి కెమెరా లాక్కుని, అటూ ఇటూ తిప్పి, "దీనికి తలుపున్నాదే!" అని వెనక మూత తీసేశారు.

"అత్తయ్యా!" అని నేను అరిచేలోపే రైలూ, గుహలూ, పసుపూ అన్నీ ఎండపాలయ్యాయి. ఇద్దరూ తలలు ఆనించి లోపలికి తొంగిచూశారు.

"ఏటీ లేదు," అంది కొండావిడ.

"ఏటీ లేదు!" అన్నారు అత్తయ్య. ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు తీయడానికి నా చేతిలో కెమెరా లేదు.

వెలుతురు తగిలితే తీసినవన్నీ పోతాయని ఏడుపుగొంతుతో చెప్పాను. కొండావిడ నా మొహం పరీక్షగా చూసి, పోయాయని నమ్మాక మెత్తబడింది. "అయితే ఇప్పుడు తియ్యి. సెప్పి తియ్యి," అంది.

కెమెరా అందుకుని మూత వేసి, ఎండ తగిలిన రీలు ముందుకు తిప్పేసి, ఎండకు వీపుపెట్టి, చెప్పే తీశాను. మిగిలిన రీలులో చక్కగా పడింది. ఇద్దరూ భుజం భుజం కలిపి, ఇది మళ్ళీ ఏం చేస్తుందోనని కళ్ళు చికిలించి నావైపే చూస్తున్నారు. పసుపురాశి మీద నా నీడ కూడా పడింది. మోచేతులు రెండూ రెక్కల్లా చాపి, జడ పక్కకి వేలాడేసి, ప్రపంచాన్నంతా దొంగచాటుగా పట్టేస్తున్నాననుకునే పిల్ల. ఇప్పుడా ఫోటో పెట్టెలోంచి బయటికి తీసినప్పుడల్లా ముందు ఆ నీడనే చూసుకుంటాను. ఎంత జడ ఉండేదమ్మా నాకు!