కోరలున్న గుమ్మడికాయ

మా అమ్మాయి పేపర్ ప్లేటుకు నారింజ రంగు పూస్తుంటే, తడి రంగు వాసనకు చిన్నప్పుడు అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మేమున్న అపార్ట్‌మెంట్ గుర్తుకొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ క్యాండీ కోసం వచ్చే హాలోవీన్‌కి తొమ్మిది అంగుళాల ప్లేటు మీద నవ్వే గుమ్మడికాయ ముఖం చేసి, వీధి తలుపుకు అంటించాను. ఆరు నెలలు మాతో ఉండడానికి వచ్చిన అమ్మమ్మ దాన్ని పరీక్షగా చూసింది.

“దిష్టిబొమ్మ నవ్వుతుందటే? కోరలేవీ?”

నా మార్కర్లతోనే రెండు కోరలు, ఎర్రటి నాలుక గీసి, కింద నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి వేలాడదీసింది.

“అమ్మమ్మా, ఇది చూస్తే క్యాండీకి ఎవ్వరూ రారు!” అని ఏడ్చాను.

“మంచివాళ్ళు ఎందుకు రారే? వస్తారు.”

ఆ మాటతో నా భయం రెట్టింపయింది. ఎవరూ రాకపోతే, మా బిల్డింగ్‌లో మంచివాళ్ళే లేరని అర్థం. క్యాండీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని తలుపు వెనకాలే కూర్చున్నాను.

బెల్ మోగింది. ఎదురింటి అస్థిపంజరం మిరపకాయను వేలితో తాకి, “ఇవి నిజమైనవేనా?” అని ఇంగ్లీషులో అడిగింది. తర్వాత మంత్రగత్తె, రెండు దెయ్యాలు. గిన్నె ఖాళీ అయింది.

“అమ్మమ్మా, అందరూ మంచివాళ్ళే!” అని కేకేశాను.

అంత తేలికైన పరీక్ష మళ్ళీ నాకెక్కడా దొరకలేదు.

“అమ్మా, దీనికి నవ్వు పెట్టనా?” అంటోంది మా అమ్మాయి.

నేను ఫ్రిజ్‌లో నిమ్మకాయ కోసం వెతుకుతున్నాను.