ఏడుపు ముఖం

వికారాబాద్‌లో ప్రేమ్‌సాగర్ అంటే ఎవరికీ తెలియదు, బోర్డుల సాగర్ అంటే చెబుతారు. ఫ్లెక్సీలు వచ్చి పొట్ట కొట్టాక అతనికి మిగిలింది చర్చి గోడలే. ప్రార్థన చేసుకోనిదే నిచ్చెన ఎక్కడు. భక్తుడే, కాకపోతే కుంచె పట్టాడంటే ఎదుట ఉన్నది మనిషో స్తంభమో కూడా పట్టదు.

ఆ ఏడు తాండూరు పాస్టరుగారు క్రిస్మస్‌లోగా చర్చి గోడమీద ఒక బొమ్మ కావాలన్నారు. ఏసు తల్లి మరియ పసివాణ్ణి ఎత్తుకుని ఐగుప్తు దేశానికి పారిపోయే బొమ్మ. అప్పటికే వాగు పొంగి గుడిసె, గొర్రెలు పోగొట్టుకున్న ఎంకమ్మ, రెండేళ్ల కొడుకుతో ఆ చర్చి రేకుల షెడ్డులో తలదాచుకుంటోంది. ఆమెను చూడగానే సాగర్‌కు ప్రాణం లేచొచ్చింది. మరియ కోసం వెతుక్కునే పని తప్పింది మరి.

ఆమెను గోడ ముందు కూర్చోబెట్టాడు. కాసేపటికి పిల్లవాడు ఆకలికి గుక్కపట్టాడు. పాస్టరమ్మ గ్లాసుతో పాలు తెచ్చి పెట్టి వెళ్లింది. ఎంకమ్మ చెయ్యి చాపింది.

"జర ఆగు చెల్లె. ఏడుపు మొఖం మంచిగొస్తుంది, గిప్పుడే తాపకు," అన్నాడు సాగర్.

ఆమె ఆగింది. ఒకరి పంచన ఉన్నవాళ్లు ఎదురేం చెబుతారు? పాలు చల్లారి మీగడ కట్టాయి. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి సోలిపోయి నిద్రపోయాక గానీ ఆ మహానుభావుడు కుంచె దించలేదు.

ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్లు బొమ్మ ముందు నుంచి కదల్లేకపోయారు. పసివాడి చెంపల మీద కన్నీళ్లు చూసి ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. మధ్యాహ్నానికల్లా షెడ్డుకు దుప్పట్లు, బియ్యం వచ్చాయి. "దేవుడు నీ చేతుల కరుణ పెట్టిండు సాగర్," అన్నారు పాస్టరుగారు. సాగర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

అందరూ వెళ్లాక ఎంకమ్మ వచ్చి చూసింది. కొంగు తడిపి, గోడమీది పిల్లవాడి చెంప తుడిచింది. ఆయిల్ పెయింటు, పోలేదు.

"అన్నా, పాలు తాపుతున్నట్టు గీసుంటె కాకపోతుండెనా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, తెలియకే అడిగింది.

జనం మనసు కరగాలనే అలా గీశానన్న మాట అతని నోటిదాకా వచ్చింది. అది అబద్ధం. ఆ పూట అతనికి జనమూ గుర్తులేరు, దేవుడూ గుర్తులేడు, తడి చెంప మీద పడ్డ వెలుగొక్కటే కనిపించింది. సిగ్గేసింది. తెల్లరంగు డబ్బా తీసి, కన్నీళ్లు చెరిపేద్దామని కుంచె ముంచాడు.

ఎంకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనియ్యన్నా. ఆడు ఏడ్వబట్టే గద మాకు బియ్యమొచ్చినయ్."