నందిగామ వసారాలో విమానం

మా జగ్గయ్యపేటలో ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు నా భార్య గురించి ఒక మాట చెప్పుకుంటారు. పెళ్ళికి ముందు ఆమె విమానంలో ఉద్యోగానికి ఎంపికైందనీ, పోలీసు విచారణలో ఏదో తేలడంతో అది పోయిందనీ, అంతా తెలిసి కూడా నేను పెద్ద మనసుతో ఆమెను చేసుకున్నాననీ. ఇందులో మొదటి ముక్క ఒక్కటే నిజం. మిగతాది ఎట్లా అబద్ధమో మొన్న వేసవి దాకా తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు.

ఆమె నా మేనమామ కూతురు. మామయ్య సొంత ఊరు పేటే అయినా, నందిగామలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా కుదిరి అక్కడే స్థిరపడ్డాడు. ఆమె ఉయ్యాల వేడుకలో మా అమ్మమ్మ నన్ను చూపించి ఈ పిల్ల వీడికేనని అందట. ఆ తరవాత ఆ సంగతి ఎవరూ కూర్చుని మాట్లాడింది లేదు, ఖాయం చేసిందీ లేదు. వేళాకోళాలు మాత్రం ఆగలేదు. ఎవరు కనపడినా నీ పెళ్ళాం ఎట్లా ఉందని నన్ను అడిగేవాళ్ళు. వినీ వినీ అది నా హక్కే అనుకున్నాను. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు, నేను కూడా.

అరవయ్యో దశకం మొదట్లో ఆమె బెజవాడలో బి.ఏ. పూర్తి చేసింది. మామయ్య పనిచేసే ప్లీడరు గారింటికి ఇంగ్లీషు పేపరు వచ్చేది. అందులో ఎయిర్ హోస్టెసులు కావాలన్న ప్రకటన చూసింది. మంచి జీతం, శిక్షణ వాళ్ళే ఇస్తారు, ప్రథమ చికిత్స దగ్గర్నుంచి అన్నీ నేర్పుతారు, దేశాలు తిరగొచ్చు. పెళ్ళి కాని వాళ్ళయి ఉండాలి, పెళ్ళయితే ఉద్యోగం వదిలెయ్యాలి. అది చదివి ఆమె బస్సెక్కి పేట వచ్చింది. అప్పుడు నేను బస్టాండులో ఒక బస్సు కంపెనీ బుకింగ్ ఆఫీసులో టిక్కెట్లు ఇచ్చేవాణ్ణి. కిటికీ దగ్గర నిలబడి సూటిగా అడిగింది.

"బావా, నీకేమన్నా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పు. తరవాత గొడవలొద్దు."

"నాకేం అభ్యంతరం? నువ్వు పైలోకాల్లో తిరుగు, నేను చిల్లకల్లు దాకా టిక్కెట్లు కొట్టుకుంటా," అన్నాను.

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చూసుకోవాలంటే మిరపకాయల గోడౌనుకు తీసుకెళ్ళి బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టింది కూడా నేనే. తుమ్ముతూనే తూగింది. సరిపోయింది.

ఇంటర్వ్యూకి నందిగామలోనే సాధన మొదలుపెట్టింది. వాళ్ళ వసారాలో మామయ్య పడక కుర్చీలో కూర్చుని, కండువాను నడుముకీ కుర్చీకీ కలిపి కట్టుకుని ప్రయాణికుడయ్యేవాడు. ఆమె ఇత్తడి పళ్ళెంలో నిండు మజ్జిగ గ్లాసులు పెట్టుకుని, చుక్క ఒలక్కుండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది. మామయ్య కావాలని విసిగించేవాడు.

"అమ్మాయ్, నందిగామ దాటామా?"

"దాటామండి. కింద కనపడేది కృష్ణ."

"ఇందులో ఉప్పు తక్కువైంది. మీ కంపెనీకి రాస్తా."

"క్షమించండి సార్, ఇప్పుడే వేరేది తెస్తాను."

నవ్వు ఆపుకోలేక మామయ్యకే పొలమారేది. ఒక ఆదివారం నేను రెండో ప్రయాణికుణ్ణి. ఆమె వస్తుంటే కాలు అడ్డం చాపాను. ఆమె నా ముఖంలోకి చూస్తూనే కాలు దాటి వెళ్ళింది. గ్లాసు కదల్లేదు.

మద్రాసులో ఆమెను తీసుకున్నారు. పోలీసు విచారణ అయ్యాక కబురు పంపుతామన్నారు. ఆ వార్తతో బస్టాండులో నా బతుకు కష్టమైంది. "నీ పెళ్ళాం గాల్లో ఎవడెవడికో కాఫీలిస్తదంటగా," అని ఒక డ్రైవరు రోజూ అడిగేవాడు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికి వెళ్ళాక అన్నం సయించేది కాదు. ఆమె ఒకసారి ఆ విమానం ఎక్కితే ఇక నా వంక చూడదని నాకు తెలుసు.

మామయ్య సొంత ఊరు కాబట్టి విచారణకు ఒక హెడ్డు కానిస్టేబులు పేట వచ్చాడు. మా వైపు మనిషే, పెద్దవాడు, మర్యాదస్తుడు. ఊళ్ళో ఎవరి సంగతి కావాలన్నా ముందు మా బుకింగ్ ఆఫీసులోనే అడిగేవాళ్ళు. కుటుంబం మంచిదేనా, గొడవలేమన్నా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. తరవాత పిల్లకి పెళ్ళయిందా అన్నాడు.

"కాలేదండి," అన్నాను. అక్కడ ఆగితే సరిపోయేది. "కానీ ఖాయమైపోయిందండి. మేనరికం. ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి."

"ఎవరితో?"

"నాతోనేనండి."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "మరి ఆ పిల్ల ఈ ఉద్యోగానికి ఎట్టా పెట్టిందయ్యా?"

"చిన్నతనం కదండీ."

ఆయనకు నా మీద జాలి కలిగింది. వరస కుదిరిన పిల్లను మొగుడికి దూరం చేసిన పాపం తనకెందుకన్నాడు, ఆ ఉద్యోగం రాకుండా తన చేతుల్లో ఉన్నంతవరకు చూసుకుంటానన్నాడు. ఇంట్లో వాళ్ళ దగ్గర తన పేరు రానివ్వొద్దన్నాడు. నందిగామ బస్సుకి టిక్కెట్టు ఇచ్చి ముందు సీటులో నేనే కూర్చోబెట్టాను. జనం నిండేదాకా ఆ బస్సు కదల్లేదు. కిటికీ పక్కనే కూర్చుని వేరుశనక్కాయలు తింటూ నాకు చెయ్యి ఊపాడు. నాలుగడుగులు వేసి, నేను చెప్పింది నిజం కాదండీ అనడానికి కావలసినంత సమయం ఉంది. నేను టిక్కెట్ల కట్ట సర్దుకుంటూ కూర్చున్నాను.

మద్రాసు నుంచి తీసుకోలేకపోతున్నామని ఉత్తరం వచ్చింది. కారణం చెప్పలేదు. కారణం చెప్పనిచోట ఊరే కారణం కల్పించింది. మద్రాసులో పాసైన పిల్ల పోలీసుల దగ్గర తప్పిందంటే నడవడిలో ఏదో ఉండే ఉంటుందన్నారు. చందర్లపాడు నుంచి వచ్చిన సంబంధం వెనక్కి వెళ్ళింది. ఇంకొకరు చూడ్డానికి వస్తామని రాలేదు. ఆమె వీధిలోకి రావడం తగ్గించింది. మామయ్య కోర్టుకు వెనక సందులోంచి వెళ్ళేవాడు. ఈ సంగతులన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి.

ఏడాది తిరక్కముందే నేను వెళ్ళి పిల్లనివ్వమని అడిగాను. మామయ్య ఆ పడక కుర్చీలోంచి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మా పరువు నిలబెట్టావురా," అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడైనా చెప్పాల్సింది. నేను ఆయన్ని ఓదార్చాను. పెళ్ళినాడు పేట నుంచి వచ్చిన వాళ్ళంతా నా ఔదార్యాన్ని మెచ్చుకున్నారు. అవునని నేననలేదు. కాదనీ అనలేదు.

ఆమె నాతో బాగానే కాపురం చేసింది. ఇంటికి నలుగురు వస్తే మాత్రం పళ్ళెం వాడదు. రెండు చేతుల్లో రెండు గ్లాసులు తెచ్చి ఇచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో రెండు తెస్తుంది. కొత్తవాళ్ళు అదొక అలవాటు అనుకుంటారు.

మామయ్య పోయాక, మొన్న వేసవిలో ఆమెకు చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను మధ్యలో ఆపలేదు, చివరిదాకా వింది.

"నాన్నకి తెలుసా?"

"తెలియదు."

"పోయేదాకా నువ్వు చేసిన మేలే చెప్పుకున్నాడు," అంది. చేట పక్కన పెట్టింది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెందుకు చెప్తున్నావు బావా? నేను తప్పు చెయ్యలేదని నాకు తెలుసుగా. పేటలో చెప్పు."

పేటలో ఇంటింటికీ వెళ్ళి చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని రాస్తున్నాను. పోలీసు విచారణలో ఆమె గురించి చెడు ఏదీ తేలలేదు. ఆమె తన సొంత తెలివితో ఎంపికైంది. చెడగొట్టింది నేను. ఈ ముక్క తెలిసిన వాళ్ళు తెలియని వాళ్ళకు చెప్పండి.